ట్రే ఆమెది, చీటీ నాది

నేను గెలిచిన వాదాలు చాలా ఉన్నాయి. అత్తగారితో, ఆటోవాళ్ళతో, గ్యాస్ ఏజెన్సీ వాళ్ళతో, నా సొంత కూతురితో. ఎదుటివాళ్ళు ఊపిరి పీల్చుకునే లోపల నా దగ్గర మూడు జవాబులు తయారుగా ఉంటాయి. అందులో ఒక్క వాదం మాత్రం ఓడిపోయి ఉంటే ఎంత బాగుండేదని పదకొండేళ్ళుగా అనుకుంటున్నాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరి, తొందరే సామర్థ్యమనుకుంటున్న పిల్లలు చదువుతారని ఇది రాస్తున్నాను. నీతులు వద్దనుకునేవాళ్ళు కంగారుపడక్కర్లేదు. నీతి చెప్పే అర్హత నాకు లేదన్నదే ఇక్కడ విషయం.

నేను భిలాయిలో పుట్టాను. నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు ప్లాంటు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. దుర్గ్‌లో ఫిజిక్సు డిగ్రీ చదివాను. ఈ ఫిజిక్సు ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత నా పరువు తీయడానికి పనికొస్తుంది. హథ్‌ఖోజ్‌లో ఒక చిన్న ఇంజనీరింగ్ యూనిట్‌లో తనిఖీ విభాగంలో చేరి, చివరికి ఆ విభాగానికి ఇన్‌ఛార్జినై, నిరుడు మోకాళ్ళు మొరాయిస్తే మానేశాను. మేము పెద్ద పెద్ద క్రేన్ల కీళ్ళలో బిగించే ఉక్కు పిన్నులు చేసేవాళ్ళం. పిన్ను అంటే తల్లో పెట్టుకునేది కాదు. చేతి మణికట్టు మందం, మోచేతి పొడవు. దాని లావు వెంట్రుకలో నాలుగో వంతు తగ్గినా వదులైపోతుంది. వదులైన పిన్ను ఊగుతుంది, అరుగుతుంది, ఒకరోజు క్రేను కింద నిలబడ్డవాడి నెత్తిమీద తీర్పు చెబుతుంది. అలా జరగకుండా ప్రతి పిన్నునూ మైక్రోమీటరుతో కొలిచి పంపడమే మా పని.

ఆ పనిలో నాకంటే ముందు నుంచీ ఒకావిడ ఉండేది. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. విజయనగరం వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబం. వాళ్ళ నాన్న బొగ్గింజను డ్రైవరు. ఆదివారం చర్చికి, మిగతా ఆరు రోజులూ ఉతై నుంచి బస్సెక్కి హథ్‌ఖోజ్‌కి. నేను అక్కా అనేదాన్ని, షెడ్డులో మిగతావాళ్ళు దీదీ అనేవాళ్ళు.

అక్క పని చూస్తే నాకు ఒళ్ళు మండేది. పిన్నులు గ్రైండింగు యంత్రాలున్న షెడ్డులోంచి ట్రేలలో సర్ది, ఎర్రటి ఎండలో ముంగిలి దాటి, తోపుడు బండి మీద మా దగ్గరికి వచ్చేవి. అక్క ట్రే అందుకుని, ఒక చీటీ మీద వచ్చిన టైమూ తన నంబరూ రాసి దానికి కట్టి, కూలరు ఎదురుగా ఉన్న బల్లమీద పెట్టేది. ఇక దాన్ని ముట్టుకునేది కాదు. అప్పటికే చల్లారిన వేరే ట్రే తీసుకుని కొలిచేది. అది పూర్తయ్యాక పది నిమిషాలు స్టూలు మీద కూర్చునేది. స్టీలు సీసాలోంచి తరవాణి, అదే పులిసిన గంజినీళ్ళు, తాగేది. బొటనవేళ్ళు నొక్కుకునేది. లేచి, ఆ చివరి షెడ్డులో ఉన్న ఆడవాళ్ళ బాత్రూముకి తీరుబడిగా నడిచి వెళ్ళి తీరుబడిగా వచ్చేది. మళ్ళీ ట్రే. మళ్ళీ పది నిమిషాలు. పొద్దున్న తొమ్మిదికీ అదే నడక, సాయంత్రం అయిదుకీ అదే నడక.

నేనో? పొద్దున్న ఒక గ్లాసు కాఫీ తాగితే సాయంత్రం నెహ్రూ నగర్లో ఇల్లు చేరేదాకా నీళ్ళు ముట్టేదాన్ని కాదు. తాగితే వెళ్ళాలి, వెళ్తే పావుగంట పోతుంది. నిలబడి టిఫిన్ తినేదాన్ని. తలనొప్పి మాత్రలు జేబులో ఉండేవి. దీన్ని నేను గొప్పగా చెప్పుకునేదాన్ని. పొద్దున్న గంటకి నూట ఇరవై పిన్నులు కొలిచేదాన్ని, సాయంత్రానికి వేళ్ళు వణికి డెబ్భైకి పడిపోయేదాన్ని. ఆ డెబ్భై సంగతి ఎవరికీ చెప్పేదాన్ని కాదు.

ఒకరోజు అక్క స్టూలు మీద కూర్చుని ఉంటే, షెడ్డంతా వినేలా హిందీలో అన్నాను, "మా దీదీ పాసింజరు బండి. ప్రతి స్టేషన్లో ఆగుతుంది, స్టేషన్ లేకపోయినా ఆగుతుంది." అందరూ ఘొల్లున నవ్వారు. ఆ రోజునుంచి ఆవిడ పేరు పాసింజర్ దీదీ. ఆవిడ కూడా నవ్వింది. తర్వాత నాతో తెలుగులో అంది:

"ఏటే పిల్లా, మా నాన్న ఇంజను తోలినోడు. నీళ్ళు పట్టకుండా ఎంత దూరం తోల్తావు? నీ లాటి డ్రైవర్నే మద్దెలో దించేసినారంట ఓపాలి."

"ఇప్పుడు బొగ్గింజన్లు లేవక్కా. కరెంటు."

"కరెంటు ఇంజనికి. నీకేటి కరెంటు? నువ్వు నీళ్ళ మీదే కదేటి నడిసేది!"

జవాబు లేక కాదు, పని ఉండి వెళ్ళిపోయాను. అని నాకు నేను చెప్పుకున్నాను.

ఇన్‌ఛార్జినయ్యాక నేను చేసిన మొదటి ఘనకార్యం ఒక నల్లబల్ల. గంటగంటకీ ఎవరు ఎన్ని పిన్నులు కొలిచారో నంబర్లవారీగా అందులో రాయించాను. నాది ఏడో నంబరు, అక్కది నాలుగు. పొద్దుటి గంటల్లో ఏడు ఎప్పుడూ పైనే. సాయంత్రం గడులు నింపడం నేనే మరిచిపోయేదాన్ని, అదేమిటో. మొత్తం రోజుకి లెక్క చూస్తే అక్కా నేనూ ఇంచుమించు సమానం. అది తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, ఎందుకంటే మొత్తం కట్టే గడి ఆ బల్లమీద నేను గీయించలేదు.

ఇక ఆ రోజు. మే నెల. ఆ నెలలో హథ్‌ఖోజ్ రేకుల షెడ్డులో చల్లటి వస్తువంటూ ఉండదు. తలుపు గొళ్ళెం, కుర్చీ చెయ్యి, నల్లబల్ల మీద సుద్దముక్క, అన్నీ వేడే. అందువల్ల ఏది ఎంత వేడిగా ఉందో చేతికి తెలియదు. లారీ గేటు దగ్గర నిలబడి ఉంది. మూడింటికల్లా సరుకు ఎక్కించాలని మేనేజరు రెండుసార్లు వచ్చి చెప్పి వెళ్ళాడు. అక్క అప్పుడే రెండు ట్రేలు అందుకుని, చీటీలు కట్టి, బల్లమీద పెట్టి, భోజనానికి లేచింది.

"అక్కా, ఈ రెండూ చూసేసి వెళ్ళు."

"ఇప్పుడే కదేటి ఎండలోంచి వచ్చినాయి? సల్లారనీ. వేడి మీద కొలిస్తే లావు సూపిస్తాది."

"లారీ నిలబడి ఉంది."

"నిలబడనీ. దానికేటి, కాళ్ళు నొప్పెడతాయా?"

ఆవిడ వెళ్ళింది. నేను ఆ రెండు ట్రేలూ నా బల్లకి లాక్కుని కొలిచేశాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఉండవూ మరి? వేడికి ఉబ్బి ఉన్నాయి కదా. ఫిజిక్సు డిగ్రీ అన్నానే, వేడిచేస్తే లోహం వ్యాకోచిస్తుందని పరీక్షలో బొమ్మతో సహా రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. తెలియక చేసింది కాదు. తెలిసినదాన్ని గుర్తుచేసుకునేంత తీరిక లేక చేసింది. ఈ రెండిట్లో ఏది పెద్ద తప్పో మీరే చెప్పండి.

చీటీలు మార్చాలి. నాలుగు కొట్టేసి ఏడు రాయాలి. అది ఒక్క క్షణం పని. ఆ క్షణం కూడా నాకు ఎక్కువనిపించింది.

అక్క తిరిగొచ్చేసరికి బల్ల ఖాళీ.

"నా ట్రేలేవి?"

"ఎక్కించేశాం."

"సల్లారినాయా?"

"నువ్వొచ్చేదాకా ఆగితే లారీ చల్లారిపోయేది!"

ఇది హిందీలోకి మార్చి మరోసారి అన్నాను, అందరికీ అర్థం కావాలి కదా. మళ్ళీ నవ్వులు. అక్క ఈసారి నవ్వలేదు. తర్వాతి ట్రే అందుకుంది.

మూడు వారాల తర్వాత ఆ పిన్నులు తిరిగొచ్చాయి. కొనే కంపెనీవాళ్ళు వాటిని చల్లటి గదిలో పెట్టి కొలుచుకున్నారు. ఆ రెండు ట్రేలలోనివి చాలావరకు లావు తక్కువ. మేనేజరు నన్నూ అక్కనూ తన గదిలోకి పిలిచాడు. షెడ్డు మొత్తానికి ఏసీ ఉన్న గది అదొక్కటే. బల్లమీద పిన్నులు, పక్కన చీటీలు. నన్ను కొలవమన్నాడు. చల్లగా, నున్నగా ఉన్న పిన్నుని మైక్రోమీటరులో పెట్టి తిప్పగానే నాకు మొత్తం తెలిసిపోయింది. ఏ రోజువి, ఏ ట్రేలు, ఎందుకు తగ్గాయి, అన్నీ. ఒక్క నిమిషం కూడా నాకు అనుమానం లేదు. ఇది మీకు స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే తర్వాత చాలా ఏళ్ళు నాకు నేను వేరేగా చెప్పుకున్నాను.

మేనేజరు చీటీలు చూపించి అక్కని అడిగాడు. ఆవిడ హిందీలో మెల్లగా, "రాసింది నేనే సాబ్, కొలిచింది నేను కాదు" అంది. మరెవరు అని ఆయన అడగలేదు. నా వైపు చూశాడు.

అక్కడ మూడు మాటలు చాలు. కొలిచింది నేను, సాబ్. నేను మూడు మాటలు చెప్పే మనిషిని కాదు. వాదించే మనిషిని. నోరు దానంతటదే మొదలైంది.

"నంబరు ఎవరిది? నాలుగు. రాత ఎవరిది? తనే ఒప్పుకుంది. చూడకముందే చీటీ కట్టే అలవాటు ఎవరిది? చూడని సరుకుకి చీటీ కట్టడం తప్పా కాదా? ఇన్నేళ్ళుగా నేను చెబుతూనే ఉన్నాను..." ఇలా సాగింది. ఒక్కటి కూడా అబద్ధం లేదు, గమనించండి. నేను కొలవలేదని నేను ఎక్కడా అనలేదు. అంత జాగ్రత్తగా మాట్లాడాను. కొలవడంలో లేని జాగ్రత్త మాటల్లో చూపించాను.

అక్క నా వైపు తిరిగి తెలుగులో అంది, మేనేజరుకి అర్థం కాకుండా. "ఏటమ్మా ఇది?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది, ఏమిటిది అని. నేను మేనేజరు వైపే చూస్తూ ఉండిపోయాను.

ఆవిడని తనిఖీ బల్ల నుంచి తీసి ప్యాకింగులో వేశారు. పిన్నులకి నూనె రాసి కాగితం చుట్టే పని. ఇరవై ఏళ్ళకి పైగా ఒక్క పిన్ను తిరిగిరాని మనిషి. తర్వాత చాలా రోజులు, కుర్రాళ్ళు పిన్ను వదులుగా కనిపిస్తే "పాసింజర్ దీదీ వాలా హై క్యా?", ఇది పాసింజర్ దీదీ చూసిందేనా, అనుకుని నవ్వుకునేవాళ్ళు. నేను వినేదాన్ని. వాళ్ళని ఆపడానికి నా నోరు ఒక్కసారి కూడా లేవలేదు.

ఆ నెలలో ఇద్దరి పనీ నా మీద పడింది. నల్లబల్ల మీద నాలుగో నంబరు గడులు ఖాళీ, ఏడుకి ఇక పోటీ ఎవరూ లేరు. ఒక మధ్యాహ్నం మైక్రోమీటరులో గీతలు రెండుగా కనిపించి బల్ల పట్టుకుని నిలబడిపోయాను. ఒంట్లో నీళ్ళు లేవు, మూత్రంలో ఇన్ఫెక్షన్, బీపీ. డాక్టరమ్మ వారం రోజులు మంచం దిగొద్దంది. పడుకుంటే ఆ మాటే వినిపించేది. ఏటమ్మా ఇది?

వారం పూర్తికాకుండానే ఉతై బస్సెక్కాను.

అక్క గుమ్మంలో పీట మీద కూర్చుని లాల్ భాజీ, మన ఎర్ర తోటకూర, కాడలు తుంపుతోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"రా. కూకో."

కూర్చోలేదు. నిలబడే మొత్తం ఒక్క గుక్కలో చెప్పేశాను. చెబుతూ చెబుతూ లారీ గురించీ, మేనేజరు ఒత్తిడి గురించీ, నా తలనొప్పి గురించీ కూడా కలిపాను. క్షమాపణకి వెళ్ళి కూడా నా తరఫున నేనే వకీలునయ్యాను. ఆవిడ కాడలు తుంపడం ఆపలేదు.

"అయిపోనాదా?"

"అయింది అక్కా."

"మేనేజరుకి సెప్పినావా?"

"లేదు."

"షెడ్డులో సెప్పినావా?"

"...లేదు."

"మరి నాకెందుకే సెప్తన్నావు? నాకు తెల్సిందే కదా. తెలీనోళ్ళకి సెప్పు."

తర్వాత లోపలికి వెళ్ళి గ్లాసుడు తరవాణి తెచ్చి ఇచ్చింది. "తాగు. మూతి సూడు, ఎలా ఎండిపోనాదో."

తిట్టి ఉంటే తిరిగి వాదించేదాన్ని. ఆ గ్లాసుతో ఎలా వాదిస్తాం?

సెలవయ్యాక తిరిగి పనిలోకి వచ్చిన మొదటి రోజే మేనేజరు గదిలోకి వెళ్ళి చెప్పాను. ఈసారి మూడు మాటల్లోనే. ఆయన తలుపు వేసొచ్చి, "ఛోడియే మేడమ్", వదిలేయండి అన్నాడు. ఆ వ్యవహారం ముగిసిపోయింది, ఇప్పుడు ఇన్‌ఛార్జే తప్పు చేసిందని బయటికి తెలిస్తే కొనేవాళ్ళు మన సరుకంతా అనుమానిస్తారు, దీదీని కావాలంటే మెల్లగా పాత పనికి పిలిపిద్దాం, మీరు నోరు మెదపకండి అన్నాడు. జీవితంలో మొదటిసారి ఎవరైనా నోరుమూసుకోమంటే సంతోషంగా మూసుకున్నాను.

అక్క రాలేదు. "నా పేరు మీద మచ్చ ఉండగా ఆ బల్ల కాడికి రాను" అని కబురు చేసి, ప్యాకింగు కూడా మానేసి, దుర్గ్‌లో తమ్ముడి హార్డ్‌వేర్ దుకాణంలో కూర్చోవడం మొదలుపెట్టింది.

నేను నల్లబల్ల తీయించాను. కూలరు ముందు బల్ల మళ్ళీ నింపాను. ఒక ట్రే కొలవడం, పది నిమిషాలు కూర్చోవడం. మొదట్లో ఆ పది నిమిషాలు నరకం. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఎవరైనా చూస్తున్నారేమోనని కాగితాలు తిరగేస్తున్నట్టు నటించేదాన్ని. కూర్చోవడానికి సిగ్గుపడ్డాను, అబద్ధానికి సిగ్గుపడనిదాన్ని. ఏడాది పట్టింది. సీసాలో నీళ్ళు తెచ్చుకోవడం, తాగడం, ఆ చివరి షెడ్డుదాకా నడవడం, అరవబోయే ముందు కూర్చోవడం. సాయంత్రం అయిదింటికి నా వేళ్ళు వణకడం ఆగిపోయింది. రోజు మొత్తానికి అక్క ఎన్ని చూసేదో సరిగ్గా అన్నే చూసేదాన్ని. తలనొప్పి మాత్రలు మానేశాను. నా కూతురు "అమ్మ ఈమధ్య మాట మధ్యలో ఊపిరి తీసుకుంటోంది" అని వాళ్ళ నాన్నతో అనడం విన్నాను.

కొత్తగా చేరిన పిల్లలకి అదే నేర్పాను. ట్రే చల్లారేదాకా ముట్టుకోవద్దు, చల్లారేలోపల మీరూ కూర్చోండి. చూసినవాళ్ళే చీటీ కట్టాలి, చూశాకే కట్టాలి. వాళ్ళకి పాత సంగతులు తెలియవు. నవ్విన కుర్రాళ్ళంతా ఎప్పుడో వేరే పనులకి వెళ్ళిపోయారు.

నిరుడు నేను మానేసిన రోజున షెడ్డులో సమోసాలు తెచ్చి చిన్న సభ పెట్టారు. ఒక అమ్మాయి, నాలుగేళ్ళుగా నా పక్కన కొలిచిన పిల్ల, ఇక్కడే పుట్టిన తెలుగమ్మాయే, లేచి హిందీలో మాట్లాడింది. హిందీలోనే దానికి మాటలు దొరుకుతాయి. "ఎక్కడ ఉద్యోగం చేసినా పరిగెత్తమనే అంటారు. మా మేడమ్ ఒక్కరే కూర్చోమన్నారు. ఈ పది నిమిషాల పద్ధతి మేడమ్‌ది. మేము దీనికి మేడమ్ టైమ్ అని పేరు పెట్టుకున్నాం" అంది. చప్పట్లు. శాలువా. మేనేజరు కూడా కొట్టాడు చప్పట్లు, నా కళ్ళలోకి చూడకుండా.

నేను లేచి రెండు ముక్కలు మాట్లాడాను. కృతజ్ఞతలు చెప్పాను. సమోసా బాగుందన్నాను. కూర్చున్నాను.

ఒకప్పుడు నా ట్రేకి ఆవిడ చీటీ ఉండిపోయింది, మార్చలేదు. ఆ సమోసాల సభలో ఆవిడ ట్రేకి నా చీటీ కట్టారు, అదీ మార్చలేదు. మొదటిసారి తొందరలో ఉన్నానని చెప్పుకోవచ్చు. రెండోసారి నాకు ఏ తొందరా లేదు. కూర్చుని, శాలువా కప్పుకుని, తీరిగ్గా దొంగిలించాను.

అందుకే ఇది రాశాను. రాయడం పూర్తిచేసి నా కూతురికి ఇచ్చాను. అది తెలుగు కూడబలుక్కుని గంటసేపు చదివి, ఒకటే అడిగింది. "షెడ్డులో ఎవరికీ తెలుగు చదవడం రాదు కదమ్మా. మరి తెలుగులో ఎందుకు రాశావు?"

నా కూతురు. నోరు నాదే వచ్చింది. దానికి చెప్పడానికి నా దగ్గర ఒక్క జవాబు కూడా లేకపోయింది. ఓడిపోయాను.

రేపు సోమవారం. పదిన్నర ప్రాంతంలో వాళ్ళు మొదటి ట్రే ముగించి, స్టూళ్ళ మీద కూర్చుని నీళ్ళు తాగుతూ ఉంటారు. హథ్‌ఖోజ్‌కి ఆటోలో వెళ్తాను. చెప్పాల్సింది హిందీలో చెప్పడానికి నాకు ఆ పది నిమిషాలు చాలు.